దొరై మామ కళ్లం, భాగ్యమత్త బావి

“ఇది నీళ్లా, డికాషనా? నువ్వే తాగి చెప్పు దొరై.”

“మెల్లగా మాట్లాడండి వదినె. కళ్లంలో ఆడోళ్లు వింటారు.”

“విననీ. వాళ్లు మాత్రం నీళ్లు తాగరా? నిన్న అన్నం వండితే పచ్చగా తేలింది. ‘అవ్వా, ఈరోజు బిర్యానీనా?’ అని అడగతా ఉండాది పాప. నేనేమి చెప్పేది? మీ చిన్నతాత వండినాడు అని చెప్పేదా?”

“అది మందూ మాయా ఏమీ కాదు వదినె. కొబ్బరి సారమే. చెట్టులోనించి వచ్చిందే.”

“అట్లనా! అట్లయితే నీ ఇంట్లో క్యాను నీళ్లు ఏంటికప్పా?”

వాళ్లిద్దరూ బావి గట్టు మీద ఉన్నారు. నేను ట్రాక్టరు కింద వెల్లకిలా పడుకుని ఆయిలు కారే చోటు వెతుకుతున్నాను. చుక్క వచ్చి చెంప మీద పడింది, తుడుచుకోలేదు. చెయ్యి కదిలితే స్పానరు చప్పుడవుతుంది, నేనున్నట్టు తెలుస్తుంది. అక్కడ మామ పరువు పోతోంది. అది పోయేటప్పుడు పక్కన మనిషి లేకపోవడమే మేలు.

దొరై మా అమ్మకు తమ్ముడు. భాగ్యమత్త ఆయనకు వదినె, చనిపోయిన అన్న భార్య. ఉడుమలైపేట నుంచి కాలువ గట్టు వెంట వస్తే ఇద్దరి తోటలూ ఆనుకునే ఉంటాయి. నేను కోయంబత్తూరులో ఇంజనీరింగు మధ్యలో వదిలేసి వచ్చినవాణ్ణి. ఎందుకు వదిలేశానని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కొక్క జవాబు చెప్పాను, అసలు కారణం ఒక్కటే: ఒకచోట కూర్చోలేను. మామ ఏమీ అడగలేదు. “ట్రాక్టరు తోలతావా?” అన్నాడు, అంతే. అప్పటినుంచి ట్రాక్టరు తోలుతున్నాను, లోడు ఎత్తిస్తున్నాను, విదేశాల నుంచి కొనేవాళ్లు అడిగినవాటికి ఇంగ్లీషులో జవాబులు రాస్తున్నాను. సంచి మీద ‘భూమికి స్నేహితుడు’ అని అచ్చు వేయించింది కూడా నేనే. ఆ మాట ఇప్పుడు చదివితే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మేం అమ్మేది కొబ్బరి పొట్టు. కాయ మీది డొక్కను మిల్లులో చీలిస్తే పీచు వస్తుంది. పీచు తాళ్లకూ పరుపులకూ పోతుంది. మిగిలిన పొట్టు ఎవరికీ అక్కరలేదు. మా చిన్నప్పుడు దాన్ని రోడ్డు పక్కన కొండల్లా పోసేవాళ్లు. గాలికి లేచి కళ్లలో పడేది. ఎండాకాలంలో నిప్పంటుకుంటే రోజుల తరబడి లోలోపల రాజుకుంటూ ఊరంతా పొగ. ఆ చెత్తలో మొక్కలు పెంచే దేశాలున్నాయని మా పక్క మొదట తెలుసుకున్నది దొరై మామే. పదో తరగతి తమిళంలో చదివి, చెరకూ మొక్కజొన్నా వేసి రెండింటిలోనూ దెబ్బతిన్న మనిషి. మిల్లువాళ్లు ‘ఊరికే తీసుకుపో, పుణ్యముంటుంది’ అంటే బండ్లతో తోలుకొచ్చాడు. పొట్టులో ఉప్పు ఉంటుంది, నీళ్లతో కడగాలి. కడిగింది కళ్లంలో ఎండబెట్టాలి, ఎండింది యంత్రంలో ఇటుకలుగా నొక్కాలి. ఇదంతా ఆడవాళ్ల పని.

అంతకుముందు మా ఊరి ఆడవాళ్లను నూలు మిల్లు వ్యాను తెల్లవారకముందే వచ్చి ఎక్కించుకుపోయేది. వాళ్లు పోయేటప్పుడు పిల్లలు నిద్రలో ఉండేవాళ్లు, వచ్చేటప్పుడూ నిద్రలోనే. మామ కళ్లం వచ్చాక పిల్లల్ని బడికి పంపి, నడుచుకుంటూ పనికి వస్తున్నారు. వాళ్లకు నీడకు రేకుల కొట్టం వేశాడు, తలుపున్న మరుగుదొడ్డి కట్టించాడు. పని అడిగి వచ్చిన ఆడమనిషిని లేదని వెనక్కి పంపలేదు. బడి వార్షికోత్సవంలో పిలిచి శాలువా కప్పారు. మేస్త్రీ కర్పగమైతే, “మా అన్నా చెత్తను బియ్యం చేసినాడు” అని అందరికీ చెప్పుకునేది. ఆ శాలువాను మామ మడత విప్పకుండా బీరువాలో పెట్టాడు, చుట్టాలొస్తే తీసి చూపించేవాడు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, కడిగిన నీళ్ల దగ్గర. అవి ఎర్రగా, టీ మాదిరి ఉంటాయి. మామ వాటిని కాలువ తీసి కొబ్బరి పాదుల్లోకి వదిలాడు. కొబ్బరిని ఎరగనివాడైతే కాస్త అనుమానించేవాడేమో. మేం కొబ్బరి మధ్యలో పుట్టినవాళ్లం. చిప్ప పొయ్యిలోకి, మట్ట పందిరికి, డొక్క తడి ఆగడానికి పాదులోకి. కొబ్బరిలోనించి వచ్చింది కొబ్బరికి చెరుపు చేస్తుందని ఎవడికి తోస్తుంది? నాకూ తోచలేదు. పైగా ఎండల్లో పాదులు తడిగా ఉన్నాయని సంతోషపడ్డాం. ఆ ఉప్పూ ఆ ఎరుపూ చెట్టు తాగినంత తాగగా మిగిలింది నేలలోకి దిగింది, నేలలోనించి బావిలోకి.

ఆ బావి ఒక్కరిది కాదు. మా వైపు అన్నదమ్ములు భూమిని గట్టు వేసి పంచుకుంటారు, బావిని మాత్రం ముక్కలు చేయలేరు కాబట్టి పంగు పెట్టుకుంటారు. ఈ రోజులు నీవి, ఆ రోజులు నావి. రోజులు వేరైనా లోపల నీరు ఒకటే. మామ పంగులో పాడైంది అత్త పంగులోనూ పాడైంది.

పోయిన వేసవిలోనే నీళ్లకు రంగు వచ్చింది. అప్పుడే మామకు తెలుసు. కడిగిన నీళ్లు నేలలోకి ఇంకకుండా సిమెంటు తొట్టి కట్టాలని మనిషిని పిలిపించి కొలతలు కూడా తీయించాడు. అదే నెలలో పెద్ద ఆర్డరు వచ్చింది. నూలు మిల్లు ఒకటి మూతపడి, ఇంకో పదిమంది ఆడవాళ్లు గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. వాళ్లలో భాగ్యమత్త కోడలు యువరాణి కూడా ఉంది. మామ తొట్టి మానేసి రెండో యంత్రం కొన్నాడు. “మొదట వేలై, తర్వాత తొట్టి” అన్నాడు. పని ముందు, తొట్టి వెనక అని. వినడానికి బాగానే ఉంది. నేనూ తలాడించాను.

ఆ రోజు బావి దగ్గర గొడవైన తర్వాత మామ అత్త ఇంటి ముందు నుంచి పోవడం మానేశాడు. ట్రాక్టరును కాలువ గట్టు మీద చుట్టు తిప్పి తీసుకురమ్మనేవాడు. డీజిలు దండగ కదా అంటే, “దారి బాగుండాది, అట్లే రా” అనేవాడు. ఆ దారి నిండా గుంతలే.

తర్వాతి వారం కొనేవాళ్ల తరఫున దర్శిని అనే అమ్మాయి వచ్చింది. పని చేసేవాళ్లను ఎలా చూస్తున్నారు, నేలా నీరూ ఎలా ఉన్నాయి అని చూసి సరే అంటేనే కొత్త ఆర్డరు. కొట్టం చూసింది, మరుగుదొడ్డి చూసింది, ఆడవాళ్లతో తమిళంలో నవ్వుతూ మాట్లాడింది. మామ ముఖంలో వెలుగు వచ్చింది. అంతలో ఆమె, “పక్క ఇంట్లో ఒకసారి మాట్లాడొచ్చా?” అంది.

భాగ్యమత్త అరుగు మీద చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. మమ్మల్ని చూసి లేచి కొంగు సర్దుకుంది.

“మీ బావి నీళ్లు ఎలా ఉన్నాయమ్మా?” అని అడిగింది దర్శిని.

అత్త మామ వైపు చూడలేదు. గోడకు అవతల, కళ్లంలో పార పట్టుకుని నిలబడిపోయిన యువరాణిని చూసింది.

“బాగానే ఉండాయి” అంది.

“అయితే ఒక గ్లాసు నీళ్లివ్వండి, దాహంగా ఉంది.”

అత్త లోపలికి పోయింది, చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో చెంబు నిండా మజ్జిగ, కరివేపాకు వేసింది.

“ఎండలో వచ్చినావు కన్నూ. వట్టి నీళ్లు ఎట్ల ఇచ్చేది? ఇది తాగు.”

“మజ్జిగ తాగుతానమ్మా. నీళ్లు కూడా కావాలి.”

అత్త నవ్వబోయింది, నవ్వు రాలేదు. నేను మామను చూశాను. ఒక్క మాట అంటే చాలు: ‘నీళ్లు పాడైనాయి, పాడు చేసింది నేనే.’ ఆయన తన చెప్పు వారును చూసుకుంటున్నాడు, తెగిందేమోనన్నట్టు. నేను మాత్రం? ఎవరినైనా ముఖం మీదే అడిగేస్తానని పేరున్నవాణ్ణి, ఆ నిమిషాన అరుగు మీది చిక్కుడు ఈనెలు లెక్కపెడుతున్నాను.

దర్శిని మజ్జిగ పూర్తిగా తాగి, చెంబు అరుగు మీద పెట్టి, తనే బావి దగ్గరికి నడిచింది. వంగి చూసింది. ఏమీ అరవలేదు. గట్టి తొట్టి కట్టి, కడిగిన నీళ్లు నేలకు చేరకుండా చేసి, ఈ ఇంటికి మంచినీళ్ల ఏర్పాటు చేసేదాకా ఆర్డరు లేదని నెమ్మదిగా చెప్పింది. “ఆడవాళ్లను మీరు చూసే పద్ధతి నిజంగా బాగుంది సార్” అని కూడా అంది. మామకు ఆ మాటే ఎక్కువ తగిలింది.

కడగడం ఆగింది. కడగకపోతే ఎండబెట్టేది లేదు, నొక్కేది లేదు. పాత సరుకు కట్టలు కట్టడానికి కొందరే మిగిలారు. నూలు మిల్లు వ్యాను మళ్లీ ఊరి మలుపులో హారను కొట్టడం మొదలుపెట్టింది. మా పెరటి వెనక ఇంట్లో పిల్లను లేపకుండా తల్లి గిన్నెలు సర్దే చప్పుడు నాకు వినిపిస్తుంది.

అసలు సిగ్గు ఆ తర్వాత మొదలైంది. కొట్టంలో కర్పగం కట్టలు కడుతూ అంది:

“ముసలమ్మ గెట్టిదమ్మా! నీళ్లు బాగుండాయి అని నోటితో చెప్పింది, చేత్తో మజ్జిగ ఇచ్చింది. అట్లంటే ఏమి అర్థం? నీళ్లు బాగలేదనే గదా. ఒక చెంబు మజ్జిగతో ముప్పై ఇండ్ల పొయ్యి ఆర్పేసింది.”

“మరిది బాగుపడితే ఓర్వలేదు” అంది ఇంకొకామె.

యువరాణి అక్కడే ఉంది. క్యారియరు మూత తీసింది, మళ్లీ మూసింది. “మా అత్త మీకోసమే అబద్ధం చెప్పింది” అంది. ఎవరూ వినలేదు. ఆ రోజు నుంచి ఆమె పక్కన కూర్చుని ఎవరూ తినడం లేదు. భాగ్యమత్త అంగడికి పోతే పలకరించేవాళ్లు లేరు.

కర్పగం ఆ మాట అన్నప్పుడు దొరై మామ తలుపు పక్కనే ఉన్నాడు. విన్నాడు. కట్టల మీద చెయ్యి వేసి, “తాడు గట్టిగా బిగించండమ్మా” అన్నాడు. అంతే. వదినె మీద పడ్డ నింద అలాగే ఉండిపోయింది, ఆయనకు నీడగా.

నేను సాయంత్రం మామను పంపు షెడ్డులో పట్టుకున్నాను.

“మామా, అత్త చెప్పలేదు గదా.”

“లేదు.”

“నీకోసం అబద్ధం చెప్పింది గదా.”

“అవునురా.”

“మరి కర్పగక్క అంటా ఉంటే నువ్వు తాడు గురించి ఏంటికి మాట్లాడినావు? వెక్కంగా, సిగ్గుగా లేదా నీకు?”

కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే ఇద్దరికీ బాగుండేది. మోటారు పెట్టె మీద కూర్చున్నాడు. చేతికంటిన పొట్టు దులుపుకుంటూ అన్నాడు:

“వాళ్లు నన్ను అన్నా అంటారు సతీషా. సొంత చెల్లెళ్లు కూడా అంత బాగా పిలవరు. ఆ పిలుపు పోతాదని బయం. బావి పాడైందని తెలిసినప్పుడూ అదే బయం. పని ఆపితే వాళ్ల ముందర చిన్నవాణ్ణి అయిపోతానని. ఇప్పుడు చూడు, మా వదినె నలుగురిలో అసింగపడతా ఉండాది, నేను మాత్రం మంచోణ్ణి.”

మర్నాడు కూలి ఇచ్చే రోజు. పని పోయినవాళ్లు కూడా మిగిలిన కూలికి వస్తారు. రెండో యంత్రం అమ్మేసి తొట్టి కడతానని, పూర్తయ్యేదాకా సగంమందికే పని ఇవ్వగలనని, బావిని పాడు చేసింది తనేనని, వదినె తనను కాపాడబోయి మాటపడిందని చెప్పాలనుకుంటున్నాడు. నాకు చెప్పేటప్పుడే మూడుసార్లు దారి తప్పాడు. ఒకసారి కరువు మీదికి, ఒకసారి కొనేవాళ్ల మీదికి, ఒకసారి ఆ దర్శిని వయసు మీదికి.

తనకే తెలిసి ఆగిపోయాడు. చెమట తుడుచుకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

“రేపు నువ్వు ట్రాక్టరు తీసుకుని ఎక్కడికీ పోవద్దు. నా పక్కనే నిలబడు. నేను కత కట్టేకి మొదలుపెడితే, మామ గదా అని చూడొద్దు. అందరి ముందరా నన్ను ఆపు.”