మిలట్రీ లోవరాజు గారి అర్జీ

మిలట్రీ లోవరాజు గారికి లోకంలోని జబ్బులన్నిటికీ తెలిసిన మందు ఒక్కటే: మిలట్రీ పాలన. జబ్బును బట్టి మోతాదు మాత్రం మారేది.

అమలాపురం బస్సు అరగంట ఆలస్యమైతే, "వారం చాలండి! వారం రోజులు డిపోని మిలట్రీకి అప్పజెప్పండి, బస్సు టయానికి రాకపోతే నా మీసం తీయించేస్తాను" అనేవారు. మత్తయి హోటల్లో సాంబారు నీళ్లలా ఉంటే మూడు రోజులు. కొబ్బరికాయ ధర పడిపోతే ఆరు నెలలు. దూడ తల్లి దగ్గర పాలు తాగడం లేదని ఎవరో వాపోతే, కాసేపు ఆలోచించి, "రెండు పూటలు" అన్నారు. ఢిల్లీలో ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలిన రోజున మాత్రం అంకె చెప్పలేదు. రెండు చేతులూ బార్లా చాపి చూపించారు.

ఇరవై నాలుగేళ్లు సైన్యంలో చేసి హవల్దారుగా ఇంటికి చేరిన మనిషి. ఊళ్లో అందరూ ఆయన మాటలకి నవ్వుకునేవారు. రత్నమాల ఒక్కతికే గుబులు. దింపాల్సిన ప్రభుత్వం అంటూ ఆ ఊళ్లో ఉంటే, అది ఆవిడే. పంచాయతీ ప్రెసిడెంటు.

కొబ్బరి పీచుతో తాళ్లు పేనుకునే రత్నమాలని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఊరి మోతుబరి సాయిదుర్గాప్రసాద్ గారు. సీటు ఆడవాళ్లకి రిజర్వయింది. "ఈవిడైతే సంతకం పెడుతుంది, సణగదు" అని ఆయన లెక్క. లెక్క సగం నిజమే అయింది. ఆవిడ సంతకం పెట్టింది, ఆయనకిచ్చిన నోటీసు మీద.

ప్రసాద్ గారు తన రొయ్యల చెరువు కోసం మురుగు కాలువకి అడ్డంగా కట్ట వేయించారు. పైనున్న ఎనభై ఎకరాల కౌలు వరి చేలు, ఇంకా వెన్ను తీయకుండా పొట్ట మీద ఉండగానే, మునిగాయి. కట్ట ఏడు రోజుల్లో తీయకపోతే పంచాయతీయే తీయిస్తుందని నోటీసు. బాగానే ఉంది గానీ, ఆయన కట్ట మీద పార వేసే కూలీ ఊళ్లో ఒక్కడూ లేడు. ఏడో రోజు వచ్చింది. ఇంకో రెండు రోజులు నీళ్లు నిలిస్తే పంట కుళ్లిపోతుంది.

సరిగ్గా ఆ పొద్దునే రేడియోలో వార్త: పక్క దేశంలో ఓట్లతో గెలిచిన ప్రధానిని సైన్యం దింపేసింది. పది నిమిషాల్లో ప్రసాద్ గారి బుల్లెట్టు లోవరాజు గారి వాకిట్లో ఆగింది.

కౌలు రైతు దానం పరుగెత్తుకుంటూ పంచాయతీ ఆఫీసుకి వచ్చాడు. "అమ్మా, లోవరాజు గారు యూనిఫారం ఇస్త్రీ చేయించేరు. మాజీ సైనికుల్ని పోగేసేరు. ఎనిమిది మందండి!"

"నాకోసమేనా?"

"ఆయ్."

రత్నమాల ఆఫీసు తాళంచెవి కొంగున ముడేసుకుని కుర్చీలో కదలకుండా కూర్చుంది.

పది గంటలకి లెఫ్ట్ రైట్ వినబడింది. ఎనిమిది మందిలో నలుగురికి పొట్ట దగ్గర బొత్తాలు పట్టలేదు. ఒకాయనకి మోకాలి నొప్పి, ఆయన లెఫ్టు అందరికంటే ఆలస్యంగా పడుతోంది. వెనకాల ప్రసాద్ గారు పెళ్లికొడుకులా నవ్వుతూ వస్తున్నారు. లోవరాజు గారు బల్ల ముందు ఆగి, కిటికీ రెక్కలు అదిరేలా సెల్యూట్ కొట్టి, ఒక కాగితం ఇచ్చారు.

రత్నమాల పైకే చదివింది. "ప్రెసిడెంటు గారికి విధేయుడు వ్రాసుకొను అర్జీ. తమరిని పదవి నుంచి దింపి, తాళములు, సీలు స్వాధీనపరచుకొమ్మని సాయిదుర్గాప్రసాద్ గారు కోరియున్నారు. కావున అందుకు తమరు అనుమతి దయచేయించవలెను."

ప్రసాద్ గారి నవ్వు ఆగిపోయింది. "అదేంటండీ! దింపేవాళ్లు వెళ్లి దిగేవాళ్లని అడుగుతారా?"

"ఆర్డరు లేకుండా సిపాయి కదలడండి. ఊళ్లో ఆర్డరు వేసే అధికారం ఓట్లేసి ఈవిడకిచ్చేం. మీరే దగ్గరుండి వేయించేరు."

"పక్క దేశంలో అడిగేరా?"

"అడగలేదండి. ఈవిడ నచ్చకపోతే రెండేళ్లలో ఓటేసి దింపేస్తారు. తుపాకీతో వచ్చి కూర్చున్నవాణ్ణి ఏం వేసి దింపుతారండి?"

"అయితే పనికిరాని ప్రెసిడెంటునైనా భరించాలంటారు!"

"అలవాటే కదండి. మీ నాన్నగారు పద్దెనిమిదేళ్లు చేసేరు."

గుమ్మంలో దానం నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. రత్నమాల కలం తీసింది. అర్జీ మీద "అనుమతి లేదు" అని రాసి, సీలు ఎత్తి, బల్ల మీది సిరాబుడ్డి ఎగిరేలా గుద్దింది.

"ఎస్ సార్!" అని లోవరాజు గారు ప్రసాద్ గారి వైపు తిరిగారు. "ఆర్డరు రాలేదండి. ఏం చేయమంటారు?"

"లోవరాజు గారూ, ఇంకో ఆర్డరు ఉంది" అంది రత్నమాల. "మురుగు కాలువ మీద కట్ట..."

"పారలూ పలుగులూ మత్తయి హోటల్లో పెట్టి వచ్చేమండి!" ఎనిమిది గొంతులూ ఒక్కసారే అన్నాయి.

కట్ట మీద పలుగులు పడుతుంటే చుట్టుపక్కల చేల నుంచి కౌలు రైతులు ఒక్కొక్కరే పారలతో వచ్చి చేరారు. రత్నమాల లోవరాజు గారి పక్కకొచ్చి అడిగింది. "బాబాయి గారూ, మరి రోజూ మిలట్రీ రావాలి, మిలట్రీ రావాలి అని కేకలేస్తారేంటండి?"

ఆయన మీసం దువ్వుకున్నారు. "నేనలా అరుస్తుంటే, కర్ర పెత్తనం కావలసినవాడు ముందు నా గుమ్మమే ఎక్కుతాడమ్మా. పొద్దున్న ప్రసాద్ గారు బయట నుంచి ఇరవై మంది రౌడీల్ని దింపుతానన్నారు. ఎందుకండీ దండగ, మేం లేమా అన్నాను."

రత్నమాల ఆయన చేతిలో పార లాక్కుని తనే కాలువలోకి దిగింది.

నాలుగు గంటలకి కట్ట తెగింది. నీళ్లు ఒక్క ఉరుకున పడ్డాయి. పై చేలల్లో ఒక్కొక్క దుబ్బే తల బయట పెడుతుంటే, "లేచింది! చేను లేచింది ప్రెసిడెంటు గారూ!" అంటూ దానం గట్టు మీద గంతులేశాడు. ఆడవాళ్లు, మగవాళ్లు, మోకాలి నొప్పి ఆయనతో సహా అందరూ ఈలలు, కేకలు.

లోవరాజు గారు మాత్రం నడుముకి చేతులు పెట్టుకుని కాలువ వైపు మండిపడుతూ చూశారు. నీళ్లు సుళ్లు తిరుగుతూ, ఒకదాని మీదొకటి పడి పరుగెడుతున్నాయి.

"ఒరేయ్, తొక్కుకోకండ్రా!" అని నీళ్ల మీద అరిచారు. "వరసలో... వరసలో వెళ్లండి!"