క్యానులో నాది కలిపాను

నాకు రాయడం రాదు, నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. మా ఆయన కిరండుల్‌లో ఇనుప గని పనివాడు. కిడ్నీలు పాడై కండంతా కరిగిపోయిన రోజుల్లో, ఒక పగలూ రాత్రీ వచ్చిన మూత్రమంతా పట్టి తెమ్మని ఆసుపత్రిలో పెద్ద క్యాను ఇచ్చారు. అది పావు వంతు కూడా నిండలేదు. తక్కువైతే పరీక్ష చెయ్యరేమో, మందివ్వరేమో అని భయమేసింది. ఆయనకు చెప్పకుండా నాది కలిపి సగం దాకా నింపాను.

రిపోర్టు చూసి డాక్టరుగారు ఆయన జబ్బ పట్టి చూశారు.

"ఈ మూత్రంలో క్రియాటినిన్ అనే పదార్థం చాలా ఉంది. అది కండలోంచి వస్తుందమ్మా. ఈ చేతికి ఇంత రాదు. ఇంకెవరిదైనా కలిసిందా?"

చుట్టూ జనం. సిగ్గుతో చచ్చిపోయాను. "నాదే బాబూ, నానే పోసినాను."

"ఉచ్చలో కూడా వాటా కావాలేటే నీకు?" అన్నాడు మా ఆయన. అందరూ నవ్వారు.

డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. "ఎంత తక్కువ వస్తోందో తెలియడానికేనమ్మా పరీక్ష. మళ్లీ పట్టండి" అన్నారు.

మళ్లీ పట్టాం. ఈసారి ఇంకా తక్కువ వచ్చింది. ఆయన కోసం ఒంట్లోంచి ఏదైనా తీసి ఇచ్చేదాన్నే. కానీ ఆ రోజంతా ఏమీ కలపకుండా చూస్తూ కూర్చోవడమే నాకు మిగిలిన పని.