రంగు కారిన మరక

సాయంత్రం నుంచి నా కోపం దిగడం లేదు. రేపు మా బడిలో సైన్స్ ఫెయిర్. గోడకు వేలాడదీయడానికి ఆకాశంలోని నీహారిక బొమ్మతో ఒక గుడ్డ నేసిపెట్టమని నెల కిందట మా పెద్దనాయినకు ఫొటో ఇచ్చాను. పోచంపల్లిలో ఆయన చేతిపనికి పేరుంది. ఎర్రగా వెలిగే వాయువుల మబ్బు, దాని నడుమ అప్పుడే పుడుతున్న నక్షత్రాలు, అదీ ఆ ఫొటో.

ఇవాళ వెళ్లి గుడ్డ విప్పితే నలుపు మీద తెల్లటి చుక్కలు బుద్ధిగా వరసకట్టి ఉన్నాయి. మబ్బు లేదు.

“మబ్బేది పెద్దనాయినా?”

“గది మబ్బా? రంగు కారిన మరకనుకున్న బిడ్డా. గట్ల నేసిస్తే నలుగుర్ల నా ఇజ్జత్ ఏం గావాలె? అందుకే తీసేసిన.”

నాకు ఒళ్లు మండింది. ఆ మబ్బులోనే నక్షత్రాలు పుడతాయని, వాయువూ ధూళీ దగ్గరికి చేరి, బిగుసుకుని, వేడెక్కి వెలుగుతాయని అక్కడే నిలబడి పాఠం చెప్పాను. ఆయన మగ్గం ఆపి విన్నాడు.

“అంటే బిగిసిన కాడనే వెలుగన్నట్టు. మా నూలు గూడ గంతే గద. రంగుల ముంచే ముందు గట్టిగ ముడేసిన కాడ రంగు దిగదు, తెల్లగ మెరుస్తది. గీ ముచ్చట ఆనాడే చెప్తే మబ్బు గూడ నేస్తుంటి!”

ఆనాడు నేను చెప్పింది “అచ్చం గిట్లనే కావాలె” అన్న ఒక్క ముక్క. పదకొండేళ్లుగా పాఠాలు చెబుతున్నదాన్ని. ఇంటికొచ్చే దారిలోనే కోపం నా మీదికి తిరిగింది.

రేపు ఎవరైనా “ఈ నక్షత్రాలు దేంట్లోంచి పుట్టినయి మేడం?” అని అడిగితే ఏం చూపించాలో మీరే చెప్పండి.