బేరింగులకు తలంటు

కరోనా తగ్గి, విశాఖ నుంచి రాయగడకు రైళ్లు మళ్లీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది, చలి పూర్తిగా వదలని ఫిబ్రవరిలో నన్ను రాయగడకు పంపారు. అప్పటికి నేను ఒక బేరింగుల కంపెనీలో సీనియర్ అప్లికేషన్ ఇంజనీరుని. ఈ హోదా గురించి మా బంధువులకు ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు కాబట్టి ఇక్కడ ఒకసారి చెబుతాను. సరుకు అమ్మేవాడు సేల్స్ మనిషి, బిగించేవాడు ఫిట్టరు. బిగించింది గడువుకు ముందే పోతే, ఎందుకు పోయిందో చెప్పడానికి వచ్చేవాడు అప్లికేషన్ ఇంజనీరు. పెళ్లికి పిలవరు గానీ తగువుకు మాత్రం తప్పకుండా పిలుస్తారు.

బేరింగు అంటే తిరిగే ఇరుసుకూ తిరగని ఇనుముకూ మధ్య కూర్చుని, ఇద్దరికీ గొడవ రాకుండా చూసే ఉక్కు వలయం. పైకి గాజులా కనిపిస్తుంది. లోపల మాత్రం వెంట్రుక మందంలో పదో వంతు తేడా వచ్చినా మేం ఒప్పుకోం. ప్రపంచం మొత్తం మీద ఈ పనిలో పేరు మోసిన తయారీదారులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాళ్లలో మా కంపెనీ ఒకటి. పేరు చెప్పను. చెబితే మిగతా కంపెనీల్లో రిటైరైన ఇంజనీర్లు కూడా జ్ఞాపకాలు రాయడానికి కూర్చుంటారు.

రాయగడ అనగానే అందరికీ గుర్తొచ్చే పెద్ద కాగితం మిల్లుకు కాదు నేను వెళ్లింది. కొల్నార వైపు, అట్టపెట్టెల కాగితం తయారుచేసే ఒక చిన్న మిల్లుకు. అక్కడ ఆవిరితో వేడెక్కే పెద్ద సిలిండర్ల మీదుగా తడి కాగితం ఆరుతూ వెళ్తుంది. ఆ సిలిండర్ల రెండు చివరలా మా బేరింగులు ఉంటాయి. ఏళ్ల తరబడి పనిచేయాల్సినవి నెలల్లోనే మూలిగి ప్రాణం వదులుతున్నాయి. ఒకటి పోయినప్పుడల్లా మిషను మొత్తం ఆగిపోతుంది.

స్టేషనులో దిగగానే మా డీలరు అప్పారావు గారు ఎదురొచ్చారు. పార్వతీపురం నుంచి వచ్చి మూడు తరాలుగా ఇక్కడ వ్యాపారం చేస్తున్న కుటుంబం వారిది. వడ, ఘుగ్ని అనే బఠాణీ కూర పెట్టించి, నేను రెండో ముద్ద తినకుండానే ప్రమాణం మొదలుపెట్టారు. "బాబూ, నా పిల్లల మీద ఒట్టు. కంపెనీ సీలు కంపెనీ సీలుగానే ఇచ్చేను. నకిలీ సరుకు నా కొట్టు గడప తొక్కదు. ఆ తర్వాత లోపల ఏటయ్యిందో నాకు తెల్దు."

ఈ తగువులో నకిలీ అన్న మాట అప్పుడే మొదటిసారి విన్నాను. పేరున్న ప్రతి సరుకుకూ ఒక దొంగ తమ్ముడు ఉంటాడు. పాత బేరింగును మెరుగుపెట్టి, మా గుర్తు చెక్కి, మా డబ్బాలాంటి డబ్బాలో పెట్టి అమ్మేవాళ్లు దేశంలో చాలామంది ఉన్నారు. మిల్లు మేనేజరు మిశ్రా బాబు అనుమానం కూడా అదే. స్టోరులో ఎవరో అసలు బేరింగులు బయటికి పంపి నకిలీవి పెడుతున్నారని ఆయన తేల్చేసుకున్నారు. ఎవరో అంటే స్టోర్ కీపరు సుగుణ గారు. విజయనగరం వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, భర్త జయపురంలో టీచరు. ఆమె స్టోరు తాళాలు తీసుకున్న తర్వాతే ఈ చావులు మొదలయ్యాయి. మిగిలిన డబ్బాల సీళ్లు కూడా ఊడదీసి మళ్లీ అతికించినట్టు ఉన్నాయి. నకిలీ అని నేను సంతకం పెడితే చాలు, ఆమెను సస్పెండ్ చేసి పోలీసులకు రాస్తామన్నారు. ఆమెను ఒక్క మాట అడిగారా అంటే, దొంగను అడిగి దొంగతనం కనుక్కుంటామా అని హిందీలో నవ్వారు.

మా పనిలో మొదటి నియమం ఒకటుంది. పోయిన బేరింగును ఎవరూ కడగకూడదు, తుడవకూడదు. చంపినవాడి ఆనవాళ్లు ఆ గ్రీజులోనే ఉంటాయి. హెడ్ ఫిట్టరు సింహాచలం ఈ నియమాన్ని భక్తిగా పాటించి, పోయినవాటిని గోనెపట్టాలో చుట్టి దాచాడు. బొబ్బిలి మనిషి. మాట పెళుసు, చెయ్యి శుభ్రం. వాటిని బల్ల మీద పరిచి, భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. గుర్తు చూశాను, దాని లోతు చూశాను, కోడు నంబరు మా ఆఫీసుకు పంపించి సరిచూసుకున్నాను. అన్నీ అసలైనవే.

ఈ మాట చెప్పగానే మిశ్రా బాబు ముఖం మాడింది. అసలువే అయితే మీ కంపెనీ సరుకే చెత్తదన్నమాట అన్నారు. సాయంత్రం మా ఆఫీసుకు ఫోన్ చేస్తే మా పెద్దాయన మరో పాట పాడారు. "సరిగ్గా చూశావా? నకిలీ కావడానికి అవకాశమే లేదంటావా?" అని మూడు రకాలుగా అడిగారు. నాకు పరిస్థితి అర్థమైంది. నకిలీ అని రాస్తే మిల్లుకు సుఖం, డీలరుకు సుఖం, మా కంపెనీ పరువుకు సుఖం. ఒక్క సుగుణ గారికి తప్ప ఊరందరికీ సుఖమే. ఆ రోజు నాకు నిజంగా ఒళ్లు మండింది. ఉన్న ఒక్క భూతద్దాన్నీ అబద్ధం చూడమంటే ఎలా?

మర్నాడు ఒక బేరింగును కోయించాను. ఇది పీపాల్లాంటి రోలర్లు రెండు వరుసలుగా ఉండే రకం. వాటిని ఒకదాన్నొకటి రాసుకోకుండా పట్టి ఉంచే ఇత్తడి చట్రాన్ని కేజ్ అంటాం. రోలర్లు పరిగెత్తే బాట మీద, సరిగ్గా రోలరుకూ రోలరుకూ ఉన్నంత ఎడంతో, నల్లటి అడ్డగీతలు కనిపించాయి. ఉక్కు ఊడిపోవడం ఆ గీతల దగ్గరే మొదలైంది. ఇది తడి చేసే పని. అదీ బేరింగు కదలకుండా కూర్చున్నప్పుడు చేసే పని. మిల్లులో మిషను రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటుంది. అంటే ఈ బేరింగు మిషను ఎక్కకముందే, కూర్చున్న చోటే జబ్బు తెచ్చుకుంది. దారి మళ్లీ స్టోరుకే వెళ్లింది.

స్టోరు చూస్తే పైకప్పులో చినుకు పడే సందు లేదు. అలమరలు తుడిచి, ప్రతి అరకూ చీటీ అతికించి ఉంది. సుగుణ గారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. తన మీద ఏదో గుసగుస నడుస్తోందని ఆమెకు తెలుసు. అదేమిటో ఎవరూ చెప్పలేదు. ముఖం పీక్కుపోయి ఉంది. మిషనుకు ఇంకా ఎక్కని బేరింగు ఒకటి చూపించమన్నాను. డబ్బా విప్పి నా ముందు పెట్టారు.

కొత్త బేరింగు మా ఫ్యాక్టరీ నుంచి బయలుదేరేటప్పుడు దాని ఒంటి మీద తుప్పు పట్టకుండా ఒక నూనె పొర ఉంటుంది. పైన నూనె కాగితం చుడతాం. పట్టుకుంటే చేతికి జిడ్డు అంటాలి. దీనికి జిడ్డే లేదు. కేజ్ అయితే పెళ్లివారింటి దీపపు కుందిలా ధగధగలాడుతోంది. బయటి వలయం గాడిలో ఎర్రగా ఏదో ఇరుక్కుని ఉంది. వేలికి రాసుకుని చూశాను. కుంకుమ.

"దీన్ని ఎవరు కడిగారమ్మా?" అన్నాను.

ఆమె ముఖం ఒక్కసారిగా వెలిగింది. రెండు రోజులుగా అందరూ అనుమానంగా చూస్తుంటే, ఆమె పనిని గుర్తించిన మొదటి మనిషిని నేనేనట. "నేనేనండి! విశ్వకర్మ పూజకి ప్రతి ఏడూ స్టోరులో ఉన్న మంచి సామానంతా దేవుడి ముందు పెడతారు కదండి. ఆ జిడ్డుతో ఎలా పెడతాం? అందుకని కుంకుడు రసంతో కడిగించేను. లోపలిది ఇత్తడి కదండీ, మరి సింతపండుతో తోమితే గానీ మెరవదు. పూజయ్యేక మళ్లీ డబ్బాల్లో పెట్టి సీళ్లు అతికించేసేను."

 మా కంపెనీ ఆ ఉక్కు కోసం ఎంత పరిశోధన చేసిందో నాకు తెలుసు. వేడి, బరువు, వేగం, దుమ్ము, అన్నిటికీ లెక్కలున్నాయి. చింతపండుకు లెక్క లేదు. పులుపు, నీళ్లు కలిసి రోలర్ల అడుగున చేరి, డబ్బాలో వెచ్చగా వారాల తరబడి కూర్చుని, ఆ నల్లగీతలు గీశాయి. నాకు నవ్వు ఆగలేదు. ఆమె మాత్రం నవ్వలేదు.

"తప్పయ్యిందేటండి?" అన్నారు గొంతు తగ్గించి. "నేను చర్చికి ఎల్లేదాన్ని. జిడ్డుగా పెడితే, దానికి నమ్మకం లేదు గనక అలా పెట్టిందంటారు. అందుకనే అందరికన్నా బాగా చేయాలనుకున్నాను." ఆ మాటతో నా నవ్వు ఆగిపోయింది.

దొంగతనం నింద పోయింది. కానీ ఇప్పుడు నష్టం ఆమె చేతి మీదుగానే జరిగిందని తేలింది. నిజం రాస్తే ఉద్యోగం వేరే దారిన పోయేలా ఉంది. అయినా నిజమే రాశాను. "నిల్వ దశలో రక్షక నూనె తొలగించుట, తేమ, ఆమ్లము వలన తుప్పు" అని మా భాషలో రాసి, మీటింగులో విప్పి చెప్పాను. చింతపండు దగ్గరికి వచ్చేసరికి అప్పారావు గారు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. మిశ్రా బాబు మాత్రం బల్ల గుద్ది, అయితే ఈవిడే కారణం, చర్య తప్పదు అన్నారు.

అప్పుడు సింహాచలం లేచాడు. ఎవరి తరఫున లేచాడో మొదట నాకు తెలియలేదు. "అదేటి బాబూ, క్రితం పూజలో స్టోరువోళ్ల అలంకారమే బాగుందని మీరే కదేటి బహుమతి ఇచ్చేరు? స్టీలు క్యారేజీ. ఫొటో కూడా తీయించుకున్నారు. నోటీసు బోర్డు మీద ఇంకా ఉంది."

 మిశ్రా బాబు టీ తెప్పించమన్నారు. మా పద్ధతిలో టీ వచ్చిందంటే చర్య పోయిందని అర్థం.

అక్కడితో అయిపోలేదు. ఇకముందు డబ్బా విప్పకుండా, డబ్బా మీదే బొట్టు పెట్టి పూజ చేయండని నేను సూచించగానే సింహాచలం మళ్లీ లేచాడు. పూజా కమిటీ పెద్ద అతనే. "మూసేసిన డబ్బా పెడితే దేవుడికి ఏటి కనిపిస్తాది? అట్టకి పూజ సేసినట్టుంటాది." కమిటీ మొత్తం తలలూపింది.  ఇంజనీరింగు పుస్తకాల్లో ఆ అధ్యాయం లేదు.

మూలన కూర్చున్న సుగుణ గారు మెల్లగా అన్నారు. "మన మనసులో ఏటుందో కనిపెట్టేస్తాడు కదా అన్నయ్యా. అట్టడబ్బా అడ్డమా ఆయనకి?"

సింహాచలం కూర్చున్నాడు. తీర్మానం నెగ్గింది. మిగిలిన బేరింగులను మా కంపెనీ వెనక్కి తీసుకుని పరీక్షించి, పనికొచ్చేవాటికి మళ్లీ నూనె పట్టించి పంపింది.

ఆ సెప్టెంబరులో పూజకు నన్ను కూడా పిలిచారు. ఈసారి తగువుకు కాదు, భోజనానికి. దేవుడి ముందు డబ్బాలు సీళ్లతో సహా వరుసగా ఉన్నాయి, ఒక్కోదానికీ ఒక బొట్టు, ఒక బంతిపువ్వు. ఆ తర్వాత నేను పదవీ విరమణ చేసేదాకా ఆ మిల్లు నుంచి బేరింగు పోయిందన్న ఫోను రాలేదు. సుగుణ గారు ఇప్పటికీ ఆ స్టోరులోనే ఉన్నారని అప్పారావు గారు చెబుతుంటారు.

ఈ ఘటన నాకు నేర్పింది ఒక్క ప్రశ్న. తప్పు చేసినవాడు దాచుకుంటాడు. గట్టిగా అడిగితే ఎప్పటికో బయటపెడతాడు. శ్రద్ధగా చేసిన పనిని ఎవరూ దాచరు, కానీ ఎవరూ చెప్పరు కూడా. అది చెప్పాల్సిన విషయమని వాళ్లకు తోచదు. అందుకే ఆ తర్వాత ఏ మిల్లుకు వెళ్లినా, దీన్ని ఎవరు పాడుచేశారని నేను అడగలేదు. దీన్ని ఎవరు బాగా చూసుకుంటున్నారని అడిగేవాణ్ణి.