మార్జిన్ మామయ్య

మా మార్జిన్ మామయ్యకున్న జబ్బు ఒక్కటే. కనిపించినదాన్నల్లా కొలుస్తాడు, కొలిచినదానికి ఇంకొంచెం కలుపుతాడు. ఆ కలిపినదానికి మార్జిన్ అని పేరు. నలభై ఏళ్ళు దర్జీ పని చేసిన మనిషి. మెడలో టేపు లేకపోతే చొక్కా వేసుకోనట్టే ఉంటుందంటాడు. పడుకునేటప్పుడు తీస్తాడని అత్తయ్య చెప్పింది గానీ నాకు నమ్మకం లేదు.

చిన్నప్పుడు నా స్కూలు యూనిఫారాలన్నీ ఆయనే కుట్టేవాడు. అంచుల లోపల, పక్క కుట్ల లోపల ఎంత గుడ్డ మడిచేవాడంటే, నా యూనిఫారం లోపల ఇంకో యూనిఫారం ఉండేది. ఎండాకాలంలో ఉడికిపోయేదాన్ని.

"ఇంత గుడ్డ లోపలెందుకు మామయ్యా?" అంటే, "ఎదిగే పిల్లవి, రేపు విప్పుకోవచ్చు" అనేవాడు. నేనేమో అయిదడుగుల దగ్గర ఆగిపోయాను. ఆ గుడ్డ ఇప్పటికీ మడతల్లోనే ఉంది.

చర్చిలోనూ ఇదే వరస. ఆరాధన తొమ్మిదింటికైతే ఎనిమిదింటికే వచ్చి కూర్చునేవాడు. పాస్టరుగారు "చిన్న ప్రార్థన చేసుకుందాం" అన్నారంటే చాలు, మోకాళ్ళ కిందికి దిండు తెచ్చుకునేవాడు. ఎందుకని అడిగితే "మార్జిన్" అని గుసగుసగా చెప్పేవాడు.

ఇంతలో కరోనా వచ్చింది. నెలల తరబడి మూతబడిన చర్చిని మళ్ళీ తెరవచ్చన్నారు గానీ, మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం ఉండాలన్నారు. సంఘపెద్దలంతా ఒక్కసారిగా మామయ్య మెడవైపు చూశారు.

"దర్జీ టేపు అయిదడుగులే గదా, ఆరడుగులెలా కొలుస్తావ్?" అన్నారు సెక్రటరీగారు.

మర్నాడు మామయ్య ఇంకో టేపులోంచి రెండడుగుల ముక్క కత్తిరించి, పాతదానికి అతికి కుట్టుకుని వచ్చాడు.

"అయిదూ రెండూ ఏడు. మనకి చెప్పింది ఆరే గదయ్యా."

"ఆరు కొలతండీ. ఏడోది మార్జిన్."

వేదిక నుంచి తలుపు దాకా అయిదు వరసలు, వరసకి ఎనిమిది, మొత్తం నలభై కుర్చీలు పడతాయని పాస్టరుగారి లెక్క. మామయ్య వరసకి ఏడే వేసి, ఒక్కో కుర్చీ చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. ముప్ఫై అయిదు. సంఘంలో ఉన్నది నూట నలభై అయిదు మందని మామయ్య లెక్క. నెలలో నాలుగు ఆదివారాలకీ వంతులు వేస్తే నూట నలభై మంది సరిపోయారు, అయిదుగురు మిగిలిపోయారు. ఆ అయిదుగురూ పెద్దవాళ్ళే. అందులో మా అమ్మ ఒకతి.

ఇక ఆదివారాలు చూడాలి ఆయన జోరు. పాటలు పాడేవాళ్ళని పదడుగుల దూరంలో నిలబెట్టాడు, పాటకి మార్జిన్ ఎక్కువట. పాస్టరుగారిని వెనక్కి వెనక్కి జరిపి గోడకి ఆనించేశాడు. మా వీధి మందులషాపాయన భార్యతో వచ్చి "మేం ఒకే ఇంటివాళ్ళం గదా, పక్కపక్కన కూర్చుంటాం" అన్నాడు.

"ఇంట్లో మీ దూరం నేను కొలవలేదండీ" అన్నాడు మామయ్య.

"పోనివ్వండి అన్నయ్యగారూ, నాక్కూడా కాస్త మార్జిన్ కావాలి" అంటూ ఆవిడ దూరంగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

అమ్మ సంగతి మాత్రం నవ్వులాట కాదు. ఆమె ఊపిరితిత్తులు అంతంతమాత్రం. తలుపు దగ్గరి కిటికీ పక్కన ముప్ఫై ఏళ్ళుగా ఆమె చోటు. చర్చి తెరిచిన మొదటి ఆదివారం తయారై వెళితే, మామయ్య గేటు దగ్గరే ఆపేశాడు.

"నీ పేరు లేదక్కా."

"ఎప్పుడొస్తుంది?"

"కొలవాలి."

"నన్నా?"

"రోజుల్ని."

అమ్మ ఇంటికొచ్చి, బయటికి కట్టుకున్న చీర కూడా మార్చకుండా సాయంత్రం దాకా కూర్చుంది. "ఆ కిటికీ పక్కన ఇంకొక్కసారి కూర్చుంటానో లేదోనే" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి మామయ్యని కడిగేశాను.

"ఆ ఏడో అడుగు తీసేస్తే అమ్మకి చోటుంటుంది గదా?"

"ఉంటుందమ్మా. అందుకే తియ్యను" అన్నాడు.

ఈయనకి చాదస్తం ముదిరి బుర్ర పనిచెయ్యడం లేదనుకున్నాను.

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక మామయ్య మా ఇంటికొచ్చేవాడు. గేటు నుంచి అరుగు దాకా టేపు పరిచి కొలిచి, బయటే నిలబడి ప్రసంగమంతా గొంతెత్తి అప్పజెప్పేవాడు. అమ్మ కోపంతో కుర్చీ అటు తిప్పి కూర్చునేది. లోపలికి మాత్రం వెళ్ళేది కాదు.

టీకాలు వచ్చాయి. అమ్మ రెండు డోసులూ వేయించుకుంది. రెండు వారాలు ఆగమన్నాడు డాక్టరు. మామయ్య మూడు ఆపాడు. ఒక శనివారం మధ్యాహ్నం నన్ను చర్చికి పిలిచి, "కిటికీ వరసలో కుర్చీలు ఒక్కొక్కటీ వేదికవైపు జరుపు. మధ్యన ఆరడుగులే ఉండాలి" అన్నాడు. ఏడో కుర్చీ జరిపి వెనక్కి చూస్తే, తలుపు దగ్గరి కిటికీ పక్కన సరిగ్గా ఒక కుర్చీకి చోటు.

"మొదటే నలభై వేస్తే ఆ పెద్దవాళ్ళు అయిదుగురూ మొదటే వచ్చి కూర్చునేవాళ్ళు. కూర్చున్నవాళ్ళని లేపగలనా చెప్పు? అందుకే చోటు మడిచి లోపల పెట్టాను" అని జేబులోంచి కాగితం తీశాడు. చర్చి తెరిచిననాడు రాసింది, మడతల దగ్గర చిరుగుపట్టింది. అయిదు వరసలకీ అయిదు పేర్లు. కిటికీ వరసకి ఎదురుగా అమ్మ పేరు.

నేను కడిగేసిన మాటలన్నీ గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. ఆ అయిదుగురిలో ఒక్కరికీ జబ్బు అంటలేదు. ఈ మాట రాస్తున్నప్పుడు కూడా ఆయన టేపుకి దండం పెట్టాలనిపిస్తోంది.

తర్వాత దూరాలు పాటించక్కర్లేదన్నారు. కుర్చీలు మళ్ళీ పక్కపక్కకి చేరాయి. ఆ ఆదివారం గేటు దగ్గర నిలబడ్డ మామయ్యని అమ్మ కిటికీలోంచి చూసింది. ఇన్నాళ్ళూ ఆయన తనని ఆ లెక్కలోనే కలుపుకోలేదని, తన పేరు ఏ వంతులోనూ రాసుకోలేదని మాకప్పుడే తట్టింది.

"రా, ఇలా కూర్చో" అంది అమ్మ.

"కత్తిరించేవాడు నిలబడే ఉంటాడక్కా."

అమ్మ లేచి వెళ్ళి, మెడలోంచి టేపు తీసి తన సంచిలో వేసుకుంది. "ఈ ఒక్క పూట కొలవకుండా కూర్చో."

చేసేది లేక వచ్చి కూర్చున్నాడు. రెండో పాట మధ్యలో చూద్దును గదా, రెండు కుర్చీల సందులో ఆయన చెయ్యి, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా చాచి ఉంది.

"జానెడు" అన్నాడు తనలో తాను.

అమ్మ మూసిన కళ్ళు తెరవలేదు. "ఆ మార్జిన్ కూడా విప్పెయ్ తమ్ముడూ" అంది.

మామయ్య కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.