పడుకోనన్న మరపాచి రాణి

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ పనైనా సెల్‌ఫోన్లో మూడుసార్లు చూస్తే అది మనకు వచ్చేసినట్టే అని. (ఈత కూడా అలాగే నేర్చుకున్నాను. నీళ్ళలోకి దిగనంతవరకూ బాగానే ఈదాను.) కొత్త ఉద్యోగం, మెడలో ఆఫీసు బిళ్ళ, జేబులో మొదటి జీతం. ఆ వయసులో మనిషి నోటికి తాళం ఉండదు. నన్ను వడ్రంగిని చేసింది ఆ నోరే.

మాది మద్రాసు కోడంబాక్కంలో రెండో అంతస్తులో రెండు గదుల వాటా. అటకమీద రెండు ట్రంకు పెట్టెల నిండా మా అవ్వ బొమ్మలు. అవి ఆమె పెళ్ళికూతురుగా పుట్టింటినుంచి తెచ్చుకున్న మట్టి బొమ్మలు. వాటన్నిటికీ పెద్దలు మరపాచి రాజారాణులు, ఎర్రచందనం చెక్కతో చేసిన జానెడు జంట. ఏటా నవరాత్రులకు దించి కొలువు పెట్టడం, అయ్యాక మళ్ళీ అటకెక్కించడం మా ఆనవాయితీ. ఆ ఏడు కాస్త ముందుగానే దించి దులుపుదామని చూస్తే మత్స్యావతారానికి తోక లేదు, కొట్టు పెట్టుకున్న చెట్టియారుకు ముక్కు లేదు. సరిగ్గా అప్పుడే మా మేనత్త వచ్చింది. (అవ్వకు ఒక్కతే కూతురు. జార్జి టౌన్‌లో పెద్ద హాలున్న ఇల్లు, హాలుకంటే పెద్ద గొంతు.)

"ఏమ్మా, ఈటిని ఎలకలకు మేపతా ఉండావా? ఈ కొలువు ముగిస్తానే నేను తీసుకపోతా. మా ఇంట్లో అద్దాల బీరువా ఉండాది" అంది అత్త. అవ్వ కూతురికి ఎదురుచెప్పే మనిషి కాదు. "తీసుకపోమ్మా, ఆడన్నా బాగుంటాయి" అని, పొద్దున ఏరి పెట్టిన బియ్యాన్నే మళ్ళీ చేటలో పోసుకుని ఏరడం మొదలుపెట్టింది. అది చూసి నా నోరు ఊరుకోలేదు. "అద్దాల బీరువా నేను చేస్తానత్తా, ఏడాది పొడుగునా బొమ్మలు అందులోనే ఉంటాయి" అనేశాను. అత్త నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "సెరి ఇంజనీరూ. అది దశమిదాకా చక్కంగా నిలబడితే బొమ్మలు ఈడనే. లేదంటే మర్నాడే అన్నీ మా ఇంటికి" అంది.

మా పక్క వాటాలో సెట్టుమామ ఉండేవాడు. సినిమా స్టూడియోల్లో సెట్లు కట్టి కట్టి విశ్రాంతి తీసుకుంటున్న వడ్రంగి. ఆయన కట్టిన రాజమహళ్ళలో ఒక్కదానికీ వెనక గోడ లేదు. నా బీరువాకూ లేదు. "ముందర బాగుంటే సాలప్పా, ఎనక్కి ఎవురు పోతారు?" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. మూలమట్టం పెట్టి చూస్తే నాలుగు మూలలూ నాలుగు రకాలుగా ఉన్నాయి. బీరువా ఎడమపక్కకు వాలితే ఆ కాలికింద ఆఫీసులో చేరినప్పుడిచ్చిన నియమాల పుస్తకం పెట్టాను. (ఆ పుస్తకం నాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే.) నాలుగు అరలు బిగించి గర్వంగా పిలిస్తే అవ్వ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "కొలువు మెట్లు బేసిగా ఉండాలి నాయనా, నాలుగు పనికిరాదే" అంది. అయిదోది ఇరికించాను. దాంతో పై అరలో కూర్చున్న బొమ్మలకు తప్ప నిలబడ్డవాళ్ళకు చోటు లేకుండా పోయింది.

ఇక మిగిలింది వార్నిష్. మర్నాడే పాడ్యమి, బయట ముసురు. ఒక పూత ఆరాకే రెండోది వెయ్యమని డబ్బామీద రాసి ఉంది. సెట్టుమామ నవ్వాడు. "రంగేసిన పది నిమిసాల్లో రాజు వచ్చి సింహాసనంలో కూచుంటాడప్పా మా దాంట్లో. ఆరేదాకా ఆగితే షూటింగు జరిగినట్టే" అన్నాడు. ఒకే సాయంత్రం మూడు పూతలు దట్టించాను. పొద్దున చూస్తే నా మొహం అందులో కనిపించింది, అదీ కొంచెం అందంగా. అవ్వ పసుపు కుంకుమ పెట్టి, ముందు మరపాచి జంటను, తర్వాత మిగతా వాళ్ళను నిలబెట్టింది. ఆ పూట ఆమె ముఖం చూసి, గెలిచాం అనుకున్నాను.

ఎనిమిది రోజులు గెలిచే ఉన్నాం. తొమ్మిదో రోజు, మావైపు సరస్వతీ పూజ చేసే నవమినాడు, అత్త వచ్చి గుగ్గిళ్ళు తిని, చెయ్యి కడుక్కొచ్చి బీరువా తలుపు తెరిచింది. తలుపు తెరుచుకోలేదు, ఆమె చేతికి వచ్చేసింది. అత్త దాన్ని ఆ పక్కా ఈ పక్కా తిప్పి చూసి నా చేతికిచ్చింది. "రేపు సాయంత్రం అట్టపెట్టెలు తెస్తా" అంది, అంతే. అవ్వ మళ్ళీ చేట ముందేసుకుంది. నేను మాత్రం ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని చేతకాని వెధవనని నన్ను నేనే తిట్టుకున్నాను.

దశమి సాయంత్రం హారతి ఇచ్చి, కొలువులో ఒక బొమ్మను పడుకోబెట్టాలి. అలా పడుకోబెడితే కొలువు ముగిసినట్టు. ఆ తర్వాతే మిగతా వాటిని కదిలించేది. అత్త పాత చీరలు, అట్టపెట్టెలతో సిద్ధంగా నిలబడింది. అవ్వ మరపాచి రాణిని పట్టుకుంది. రాణి కదల్లేదు. నేను పట్టుకు లాగాను. రాణితోపాటు అర పైకి లేచింది, అరతోపాటు చెట్టియారు, ఆయన కొట్టు, దశావతారాలు. అత్త కొంగు బిగించి ప్రయత్నించింది. సెట్టుమామ వచ్చి వంగి చూసి గొంతు సవరించుకున్నాడు. "వార్నిష్ లోపల ఆరలేదమ్మా, పట్టేసుకునింది. ఇప్పుడు పీకితే మట్టి బొమ్మల పాదాలు ఈడనే ఉండిపోతాయి."

అవ్వ అప్పుడు నెమ్మదిగా అంది. "బొమ్మ పడుకోకుండా కొలువు ఎట్లమ్మా ముగిసేది? కొలువులో ఉన్నదాన్ని ఎత్తుకపోయేది మన ఇంట్లో లేదు." నాకు తెలిసి కూతురికి ఆమె ఎదురు చెప్పడం అదే మొదటిసారి. అత్త అరమీద ఒక వేలు పెట్టి చూసింది. తర్వాత చీరలు మడిచి సంచీలో పెట్టుకుంది. "సెరి, ఆరిందాక ఉండనీ" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో తలుపు లేని బీరువాను కావిలించుకోబోయి, అంటుకుంటుందేమోనని ఆగాను.

అత్త వెళ్ళాక అవ్వకు చెప్పాను, ఏదో మన అదృష్టం అని. అవ్వ చేట పక్కన పెట్టి నావైపు చూసింది. "రెండో నాడు దీపం పెట్టేటప్పుడే చూసినా, అతుక్కోని ఉండాయని" అంది. ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్పుంటే నువ్వు ఊడబెరికి బాగు చేసుండవా?"

అవ్వ ఇప్పుడు లేదు. ఇన్నేళ్ళలో నేను ఆఫీసులో చాలా పనులు పద్ధతిగా పూర్తి చేశాను, వాటిలో ఒక్కటీ గుర్తులేదు. బీరువా మాత్రం అదే గోడకు ఆనుకుని, ఎడమకాలి కింద అదే పుస్తకంతో ఉంది. వార్నిష్ రాయిలా గట్టిపడి ఎన్నేళ్ళయిందో. అయినా మొన్న దశమికి అత్త మోకాళ్ళ నొప్పులతో రెండంతస్తులూ ఎక్కి వచ్చింది. అలవాటు ప్రకారం అరమీద ఒక వేలు పెట్టి చూసింది.

"ఆరిందా ఇంజనీరూ?"

"ఇంకా లేదత్తా."

"సెరి, తొందరేముంది" అని, కూర్చుని కాఫీ అడిగింది.