కొబ్బరి మొవ్వు రంగు పేజీ

“ప్రింటులో రాని రంగు నీకెందుకే, నానమ్మా? తెల్లగా ఉంటే ఏటైపోయింది?”

“రాదని నాకు తెలుసు. నీకంటే ముందే తెలుసు. పెట్టమన్నది పెట్టు.”

“కళ్లద్దాలు మార్చుకోమంటే దండగంటావు. ఆ గీతలు పడిన అద్దాల్లోంచి సూసీసి, తప్పంతా పేజీదంటావు.”

“అద్దాలకేటైంది? ఇరిగిన కాడకి దారం కట్టుకున్నాను, నిలబడింది. ముందు రంగు పెట్టు, నా అద్దాల సంగతి తర్వాత మాటాడుదువుగాని.”

మా మనవరాలు శిరీష టెక్కలిలో డిగ్రీ చదువుతోంది. ఆదివారం ల్యాప్‌టాప్‌తో ఇంటికి వస్తే, మా వీధి కుళాయి గురించి అర్జీ రాసుకుందామని కూర్చున్నాను. అది సణుగుతూనే ఎక్కడో నొక్కింది. తెల్లటి పేజీ లేతపచ్చగా, కొబ్బరి మొవ్వు రంగులోకి మారింది. ఆ వెలుగు ముఖం మీద పడగానే పలాసలో స్టేషను రోడ్డు పక్కన ఒక ఒంటిగది, అందులో వేడెక్కిన కంప్యూటరు వాసన, సావిత్రమ్మ టీచరుగారి పొడిదగ్గు ఒక్కసారిగా చుట్టుముట్టాయి. శిరీష ఇంకా ఏదో అంటూనే ఉంది. నాకు వినబడలేదు.

సావిత్రమ్మగారిని మీరెవరూ ఎరగరు. పలాసలో ఎందరికో టైపు నేర్పిన మనిషి. టైపు మిషన్లు మూలపడ్డాక ఒక కంప్యూటరు కొని, జనానికి అర్జీలు రాసిపెట్టేవారు. నేను అప్పటికి జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి కొట్టి, పెంకుల్లోంచి కారే జీడినూనెకు వేళ్ల చర్మం పోగొట్టుకున్నదాన్ని. ఆవిడ గది ఊడవడానికి కుదిరాను. బడి నాకు మూడో తరగతితోనే సరి. చిత్తుకాగితాలు పొట్లాలకు పనికొస్తాయని ఏరుకునేదాన్ని. ఒకరోజు అలా ఏరిన కాగితాన్ని కూడబలుక్కుంటూ ఉంటే ఆవిడ చూశారు.

“ఏటి చదువుతున్నావు, పార్వతీ?”

“ఎవులిదో పట్టా అర్జీ అండీ. తండ్రి పేరు రెండుసోట్ల రెండు రకాలుగా ఉంది.”

ఆవిడ కాగితం తీసుకుని చూశారు. నిజమే. “రేపట్నించి ఊడవడం తొందరగా ముగించి నా పక్కన కూర్చో. నేను టైపు కొట్టింది నువ్వు పైకి చదవాలి. తప్పుంటే తప్పని చెప్పు. టీచరుగారు ఏమనుకుంటారో అని మింగేయకు.” అలా చీపురు పట్టుకు వెళ్లినదానికి ఆవిడ పక్కన కుర్చీ దొరికింది.

కొన్నాళ్లకు ఆవిడ కళ్లు మొండికేశాయి. తెల్లటి తెర వంక చూస్తే నీళ్లు కారేవి. లోపలి నరం బలహీనపడిందని, ముందు లేతరంగులు వెలిసిపోతాయని, ఆపైన చూపు తగ్గుతూ చివరికి పోతుందని శ్రీకాకుళం డాక్టరు చెప్పాడు. ఆవిడ కంగారు పడలేదు. అర్జీలన్నీ ఒకే ఫైలు మీద మార్చి మార్చి రాసేవారు కాబట్టి, ఆ ఫైలు పేజీకి లేతపచ్చ రంగు పెట్టుకున్నారు. కళ్ల నీళ్లు తగ్గాయి. నాకు మాత్రం ఇంకు డబ్బులు దండగనిపించింది.

“పేజీ అంతా ఇంత రంగు పూసీస్తే ఇంకు ఏటి మిగుల్తాదండీ?”

ఆవిడ ఒక కాగితం ప్రింటు తీసి నా ముందు పెట్టారు. తెల్లగా ఉంది. “చూశావా? రంగు నా కంటికే, కాగితానికి కాదు.”

“కాగితానికి అంటకపోతే లోపలెక్కడో కారిపోతాది కదండీ.”

ఆవిడ దగ్గు వచ్చేదాకా నవ్వారు. “మా అత్తగారే గట్టిదనుకున్నాను. నువ్వు ఆవిణ్ని మించిపోయావు.”

నవ్వినా నా అనుమానం పోలేదు. తుఫాను మా తోటలను పడుకోబెట్టిన ఏడాది, కరెంటు వచ్చిన రోజు నుంచి పడిపోయిన చెట్ల నష్టపరిహారం అర్జీల కోసం జనం రోడ్డు దాకా నిలబడ్డారు. ఇంకు రోజురోజుకీ దిగిపోతోంది. ఎన్ని కాగితాలు తీస్తున్నామో నేను ఆలోచించలేదు. అంతా ఆ రంగే తాగేస్తోందనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆవిడ భోజనానికి లేచినప్పుడు, ఎక్కడ నొక్కితే తెల్లబడుతుందో చూసి పెట్టుకున్నదాన్ని గనుక, నొక్కేశాను.

ఆవిడ వచ్చి కూర్చున్నారు. తెరకు దగ్గరగా వంగారు.

“పార్వతీ, పేజీకి రంగు ఉందా?”

గది నిండా జనం. వాళ్ల ముందు చీవాట్లు తినడానికి మనసొప్పలేదు. “ఉందండీ. పచ్చగానే ఉంది” అన్నాను.

ఆవిడ అద్దాలు తీసి చీరకొంగుతో తుడిచి పెట్టుకున్నారు. మళ్లీ తీసి మళ్లీ తుడిచారు. తర్వాత చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, “అయితే నాకే వెలిసిపోయింది” అన్నారు.

ముందు వరసలో, జలంత్రకోట ఊరి నుంచి వచ్చిన రైతు, “ఏటైనాదమ్మా?” అని అడిగాడు.

“నా కంటిని ఇక నమ్మలేను బాబూ. ఒక్క అంకె తప్పు పడినా నష్టం మీకు. టెక్కలి వెళ్లి రాయించుకోండి.”

“ఎలాగెల్తామమ్మా? రోడ్డు మీద ఇంకా సెట్లే ఉన్నాయి.”

ఆవిడ కంప్యూటరు ఆపేశారు. అందరినీ పంపేసి షట్టరు దింపించి, తాళంచెవి నా చేతిలో పెట్టారు. “కంప్యూటరు ఎవరికైనా కావాలేమో కనుక్కో” అన్నారు. ఎప్పుడూ చకచకా దిగిపోయే ఆవిడ, ఆ రోజు గోడ పట్టుకుని మెట్లు దిగారు. అది చూసి కూడా నేను తాళంచెవి కొంగున ముడేసుకుని ఇంటికి వచ్చేశాను.

సావిత్రమ్మగారు పోయి రెండేళ్లవుతోంది. డాక్టరు చెప్పినట్టే ఆఖరి రోజుల్లో చూపు పూర్తిగా పోయింది. నేను వెళ్లి పక్కన కూర్చుంటే, “బయట ఎలా ఉంది?” అని అడిగేవారు. మబ్బు పట్టి ఉంటే మబ్బనే చెప్పాను. ఆవిడ సంతోషం కోసమైనా ఎండ కాసిందని చెప్పలేదు. ఇప్పటికీ పొద్దున్నే తలుపు తీయగానే ఆకాశం చూస్తాను, ఎవరికో చెప్పాలన్నట్టు. అడిగేవారే లేరు.

షట్టరు దింపిన మర్నాడు ఉదయం నేను ఆవిడ ఇంటికి వెళ్లి గుమ్మంలోనే చెప్పాను. “రంగు నేనే తీసీసినానండీ. మీ కంటికి ఆనకపోవడం కాదు, అక్కడ నేదు.”

ఆవిడ గుమ్మం దాకా వచ్చారు. “తిరిగి పెట్టడం వచ్చా?” అన్నారు.

“రాదండీ. తియ్యడమే తెలుసు.”

చెప్పులు వేసుకుని బయల్దేరారు. వెనకే నడిచాను. బస్సు దొరక్క పలాసలోనే ఆగిపోయిన జలంత్రకోట రైతు గది మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ రంగు పెట్టడం నాకు చూపించి, నా చేత మూడుసార్లు పెట్టించారు. తర్వాత ఆ రైతును పేరు, తండ్రి పేరు, పడిపోయిన కొబ్బరి చెట్లు ఎన్నో అడిగారు. ఆయన చెప్పాడు. ఆవిడ కొట్టారు. నేను పైకి చదివాను.